రెండిళ్ళ జోడెడ్లు

మాబీ చిన్నమ్మ మంచాన పడిందని తెలిసి మొన్న ఎండాకాలంలో తాండూరు వెళ్ళి వచ్చాను. వికారాబాదులో పొద్దున్నే రైలెక్కితే ఎండ ముదరకముందే దిగిపోవచ్చు. ఈ వయసులో నాకు ప్రయాణాలంటే విసుగు. ఎవరు రమ్మన్నా మోకాళ్ళ నొప్పి వంకతో తప్పించుకుంటాను. కానీ నా చిన్నతనంలో పెద్దవాళ్ళుగా ఉన్నవాళ్ళలో ఇక మిగిలింది ఆమె ఒక్కతే. మాకు చుట్టరికం ఏమీ లేదు. పెద్దేముల్ దగ్గరి మా ఊళ్ళో మా పక్కింటి ఖాసిం కాక భార్య ఆమె. మా రెండిళ్ళ మధ్య ఒక మట్టిగోడ, ఆ గోడ కూలిన చోట ఒక సందు ఉండేవి. ఆ సందులోంచి పొయ్యిలోకి నిప్పులు, పులుసులోకి చింతపండు, ఏడ్చే పిల్లలు అటూ ఇటూ మారుతుండేవాళ్ళు. ఆ విధంగా ఆమె నాకు చిన్నమ్మ, ఆయన నాకు కాక.

చిన్నమ్మ చిక్కి సగమైంది. చూపు ఆనడం లేదు కానీ గొంతు పట్టి నన్ను గుర్తుపట్టింది. చెయ్యి పట్టుకుని మొట్టమొదట అడిగిన మాట, "మీ అవ్వ ఎద్దును మర్శిపోయిందా, బిడ్డా?" అని. అవ్వ అంటే మా నాయనమ్మ. ఆమె పోయి ఎంతకాలమైందో చిన్నమ్మకు గుర్తు లేదు, గుర్తు చెయ్యడానికి నాకు మనసు రాలేదు. మర్చిపోయిందిలే చిన్నమ్మా అన్నాను. అది అబద్ధం. అవ్వ ఆ ఎద్దును చివరిదాకా మర్చిపోలేదు. పక్కన చాయ్ కలుపుతున్న చిన్నమ్మ మనవరాలు ఏ ఎద్దు అని అడిగింది. ఉద్యోగం వచ్చి పుణె పోవడానికి బట్టలు సర్దుకుంటున్న పిల్ల. కరువులో చచ్చిపోయిన ఎద్దు అని నేను క్లుప్తంగా చెప్తే, ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. "కరువొస్తే పోవాలె గద. అందరు పోంగ మీరెందుకున్నరు?" అంది. ఆకాశంలో మబ్బు లేదు కాబట్టి మూట కట్టుకుని బయల్దేరాలి అన్నంత సులువుగా అడిగింది. మనుషులు కొంగలు కారు కదా. నేను జవాబు చెప్పలేదు. చిన్నమ్మ చెప్పింది. ఆమె చెప్పినదాంట్లో సగం నాకు తెలిసిందే, మిగతా సగం ఇన్నేళ్ళూ నాకు తెలియనిది. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని అదే తలచుకుంటూ వచ్చాను. ఆ పిల్లకు చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ చెప్పుకుంటాను.

మా ఇంటికి ఒకటే ఎద్దు ఉండేది. ఖాసిం కాక ఇంటికీ ఒకటే ఎద్దు. ఉన్నది వానకు పండే కాస్త ఎర్ర చెలక, దానికి జోడెడ్లను సాకేంత మేత ఎవరికీ లేదు. ఒంటి ఎద్దుతో దున్నడం కుదరదు. అందుకని రెండిళ్ళ ఎడ్లనూ కలిపి కట్టి, ఒకరోజు వాళ్ళ చెలక, ఒకరోజు మా చెలక దున్నుకునేవాళ్ళు. మా తాతల నాటి నుంచి అదే పద్ధతి. కాడికి ఎడమ పక్క నడిచేది దాపటి ఎద్దు, కుడి పక్క నడిచేది వలపటి ఎద్దు. ఏ పక్క అలవాటైన ఎద్దు ఆ పక్కే నడుస్తుంది, మార్చి కడితే బెదురుతుంది, సాలు వంకర పోతుంది. మా తెల్లోడు దాపటి ఎద్దు. కాక వాళ్ళ బూడిదరంగు మైలోడు వలపటి ఎద్దు. లేగలుగా ఉన్నప్పటి నుంచి ఒకే కాడి కింద నేర్చుకున్నాయి కాబట్టి ఒకదాని అడుగు ఒకదానికి తెలుసు. అంటే, ఒక ఇల్లు ఎద్దును అమ్ముకుంటే రెండో ఇంటి వ్యవసాయం కూడా పోయినట్టే. ఒక ఇల్లు ఊరు విడిచి పోతే రెండో ఇల్లు ఉన్నా లేనట్టే.

తెల్లోడు పేరుకే నాయినది. నిజానికి అవ్వది. తెల్లవారుజామున అవ్వ లేవడం అంటే ముందు కొట్టంలోకి పోవడమే. తెల్లోడి గంగడోలు కింద చెయ్యి పెట్టి నిమిరి, మూతి తడిగా ఉందో లేదో చూసి, ఆ తర్వాతే తన ముఖం కడుక్కునేది. కందిపొట్టు, జొన్నలు కడిగిన నీళ్ళు కలిపిన కుడితి వాసన, పిడకల పొగ, ఆముదం దీపం ఆర్పినప్పటి కమురు, వీటన్నిటి మధ్య మాకు తెల్లవారేది. పొయ్యి మీద మొదట కాలిన జొన్నరొట్టె ఎద్దుది. ఉప్పుగల్లు పెట్టి మడిచి తినిపించేది. రెండో రొట్టె నుంచి మనుషుల వంతు. ఒకసారి నేను ఆకలికి తాళలేక మొదటి రొట్టెకు చెయ్యి చాపితే, నువ్వు నాగలి గుంజుతవా అని చెయ్యి మీద ఒకటి వేసింది. మైలోడికి కూడా ఈ సంగతి తెలుసు. చెలక నుంచి తిరిగి వచ్చేటప్పుడు వాళ్ళ గుమ్మం దాటి వచ్చి మా గుమ్మం ముందు ఆగేది. అవ్వ తిట్టుకుంటూనే దానికీ ఇంత పెట్టేది.

నాయినకూ ఖాసిం కాకకూ మధ్య మర్యాద ఎక్కువ. మృగశిర కార్తెలో మిరుగు వాన పడి నేల పదునైన పొద్దున ఎవరి చెలక ముందు దున్నాలన్న దాని మీద ప్రతి ఏడూ వాదన జరిగేది. మీది కానీ అంటే మీది కానీ అని. ఇద్దరూ కాడి పట్టుకుని బజార్లో నిలబడేవాళ్ళు. పదును ఆరిపోతుందిరా అని అవ్వ లోపలి నుంచి అరిస్తే తప్ప కదిలేవాళ్ళు కాదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే మోటు సామెత ఒకటి తెలుగులో ఉంది. అవ్వ దాన్ని బజార్లో అందరూ వినేటట్టు అనేది, నేను ఇక్కడ రాయలేను. అంత మర్యాదకు ఒక కారణం ఉంది. నిజాం మీద పోలీసు చర్య జరిగిన రోజుల్లో, ఎవరు ఎవరికి ఏమవుతారో ఊళ్ళలో ఒక్కసారిగా తెలియకుండా పోయిన రోజుల్లో, చుట్టుపక్కల ముస్లిం కుటుంబాలు కొన్ని ఉన్నపళంగా ఇళ్ళు విడిచిపోయాయట. నేనప్పుడు చంటిపిల్లను. ఖాసిం కాక కూడా మూటలు కట్టుకుని బండి సిద్ధం చేసుకుంటుంటే, మా నాయిన పోయి ఆ బండి కాడిని భుజాన వేసుకొచ్చి మా ఇంట్లో పెట్టాడట. "నేనున్నన్ని దినాలు నువ్వుండు" అన్నాడట. కాక ఉండిపోయాడు. ఎవరూ ఆ ఇంటి జోలికి రాలేదు. ఆ మాట ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు, ఇద్దరూ మర్చిపోలేదు కూడా.

నాకు బాగా ఊహ తెలిసిన తర్వాత వచ్చింది ఆ కరువు. ఆ ఏడు మిరుగు ఆశపెట్టింది. విత్తనం వేశాం, మొలిచింది, మోకాలెత్తు జొన్న నిలబడింది. ఆరుద్ర కార్తె దాటాక చుక్క పడలేదు. వాన రాకడ ప్రాణం పోకడ ఎవరికీ తెలియదంటారు కానీ, రాకపోవడం మాత్రం కళ్ళముందే మెల్లగా తెలుస్తుంది. పైరు ముందు మధ్యాహ్నాలు వాలింది, తర్వాత సాయంత్రాలు కూడా, ఆ తర్వాత తెల్లారినా లేవలేదు. దసరా నాటికి ఊరు కదలడం మొదలైంది. కరువు ఊరందరికీ ఒకటే, కానీ పోవడం ఇంటింటికీ ఒక తీరు. పశువులు లేనివాళ్ళు ముందు పోయారు, వాళ్ళకు తాళం వేయడం తప్ప పని లేదు. ముసలివాళ్ళు నడవగలిగిన ఇళ్ళు తర్వాత పోయాయి. నెలలు నిండిన కోడలున్న ఇల్లు పురుడు అయ్యేదాకా ఆగింది. ఒకాయన కుక్కను ఎవరికి అప్పజెప్పాలో తేలక రెండుసార్లు ఊరి పొలిమేర దాకా పోయి వెనక్కి వచ్చాడు. కొందరు రైలెక్కి బొంబాయి పోయారు. ఎక్కువమంది తాండూరు పోయారు, నాపరాయి తీసే గనుల్లో పనికి. అక్కడ గని నుంచి రైల్వే స్టేషను దాకా బండలు మోసే బండ్లకు జోడెడ్లు కావాలని, జోడు ఉన్నవాడికి కూలివాడి కంటే మంచి బతుకని, పండుగకు వచ్చిన ఒకాయన చెప్పాడు. ఆయన చెప్పింది మా అరుగు మీద కూర్చునే. నాయిన విన్నాడు, ఖాసిం కాక విన్నాడు. ఇద్దరి ఎడ్లూ అప్పటికి ఇంకా కండ మీద ఉన్నాయి.

ఆ సాయంత్రం నాయిన అమ్మతో అన్న మాటలు నాకు గుర్తున్నాయి, ఎందుకంటే ఆ తర్వాత నెలల తరబడి అవే మాటలు మా ఇంట్లో తిరిగాయి. జోడు తోలుకుని పోతే ఈ ఏడు గట్టెక్కుతామని, కానీ ఖాసింకు పోవాలని ఉందో లేదో తెలియదని నాయిన అన్నాడు. అయితే అడగమంది అమ్మ. "అడిగితే నాకోసం వస్త అంటడు. గట్ల అడుగుడు గుంజుకపోయినట్టే" అన్నాడు నాయిన. అదీగాక, ఒకనాడు నేనున్నాను నువ్వుండు అని ఆపినవాడు, ఇవాళ నేను పోతున్నాను అని ఏ నోటితో అంటాడు? గోడకు అటుపక్క ఖాసిం కాక ఇదే మాటను తిప్పి అనుకుంటున్నాడని మాకు తెలియదు. ఒకనాడు ఆయన మాట మీద ఆగినవాణ్ణి, ఆయన ఉండగా నేను పోతాననడం నమ్మకద్రోహం కాదా అని. ఇద్దరూ పొద్దుగూకే వేళ అరుగు మీద బీడీలు కాలుస్తూ పడమటి దిక్కు చూసేవాళ్ళు. మబ్బు పడుతుంది అని ఒకరంటే, పడకపోతే ఎక్కడికి పోతుంది అని రెండోవాళ్ళు. ఎవరికీ ఆ నమ్మకం లేదు. ఎదుటివాడు ఉండాలనుకుంటున్నాడు కదా, వాడి ధైర్యం చెడగొట్టడం దేనికి అని ఇద్దరూ వాన గురించి ఒకరికొకరు అబద్ధాలు చెప్పుకున్నారు. చలికాలం అట్లాగే గడిచిపోయింది. సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి.

ఇక చిన్నమ్మ మొన్న చెప్పిన సంగతి. బావులు అడుగంటాక నీళ్ళకు ఆడవాళ్ళు వాగుకు పోయేవాళ్ళు. ఎండిన వాగు ఇసుకలో చెలిమ తవ్వితే అడుగున నీళ్ళు ఊరతాయి. కొబ్బరిచిప్పతో తోడి కుండలో పోసుకుని, మళ్ళీ ఊరేదాకా కూర్చోవాలి. కుండ నిండటానికి పట్టే సేపంతా కబుర్లే కదా. ఒక పొద్దున మాబీ చిన్నమ్మ మా అమ్మతో, ఒక మాట చెప్తాను కానీ ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యమందట. అమ్మ చెలిమలో ఊరిన నీళ్ళ మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది. అప్పుడు చిన్నమ్మ, కాకకు దసరా నుంచి పోవాలని ఉంది, మీ ఆయన ఏమనుకుంటాడోనని నోరు తెరవడం లేదు అని చెప్పింది. అమ్మ నవ్విందట. నవ్వి, ఇప్పుడు నువ్వు నీళ్ళ మీద చెయ్యి పెట్టు అందట. చిన్నమ్మ కూడా ఒట్టు వేసింది. వేసిన తర్వాత అమ్మ చెప్పింది, మా ఇంట్లోనూ సరిగ్గా ఇదే గోస అని.

ఆ విధంగా చలికాలం గడవకముందే ఇద్దరు ఆడవాళ్ళకు మొత్తం సంగతి తెలుసు. ఎవరూ చెప్పలేదు. ఇంటికి వచ్చి కుండలు దించుకుని, రొట్టెలు చేసి, మొగుళ్ళు అరుగు మీద కూర్చుని మబ్బుల గురించి మాట్లాడుకుంటుంటే విన్నారు. ఇవాళ కాకపోతే రేపు వాళ్ళే అనుకుంటారులే అని చూశారు. మొన్న ఇది విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, వీళ్ళ మాట వాగు ఇసుక కూడా దాటలేదు. ఎందుకు చెప్పలేదు చిన్నమ్మా, చెప్తే ఎద్దు బతికేది కదా అని, మంచంలో ఉన్న మనిషిని అడగకూడని గొంతుతో అడిగాను. చిన్నమ్మ చూపులేని కళ్ళు నా వైపు తిప్పింది. "నీళ్ళ మీద ఒట్టు, బిడ్డా. అండ్ల గా యేడు. ఎట్ల తప్పుత?" అంది. చుక్క నీటికి గంట కూర్చున్న ఆడవాళ్ళు ఆ నీళ్ళు ముట్టి వేసిన ఒట్టు అది. పుణె పోయే పిల్లకు అది అర్థం కాలేదు. నాకు అర్థమైంది, కానీ కోపం పోలేదు.

ఎండాకాలం వచ్చేసరికి జొన్నసొప్ప అయిపోయింది. చెట్ల ఆకు దూసి వేశారు. ఆకు కూడా అయిపోయాక నాయిన కొట్టం కప్పు మీదికెక్కి పాత గడ్డి పీకడం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి పొగ తాగి నల్లబడిన గడ్డి, ముట్టుకుంటే చేతులకు మసి అంటేది. తెల్లోడు మొదట మూతి తిప్పుకుంది. రెండు రోజులు చూసి, తినడం మొదలుపెట్టింది. అది తింటుంటే అవ్వ చూడలేక లోపలికి వెళ్ళేది. అయినా మొదటి రొట్టె మానలేదు. మా రొట్టెలు చిన్నవయ్యాయి, ఎద్దుది మాత్రం అంతే ఉంది. అమ్మ ఒకసారి ఏదో అనబోయింది. అవ్వ ఆమె వైపు చూసిన చూపుకు అమ్మ మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది. గోడకు అటుపక్క కూడా కప్పు పీకుతున్న చప్పుడు వినిపించేది. రెండు కొట్టాలకూ వాసాలు బయటపడ్డాయి, ఎండ నేరుగా ఎడ్ల వీపుల మీద పడేది.

రోహిణి కార్తెలో ఒక పొద్దున తెల్లోడు లేవలేదు. పడిన పశువును లేపాలంటే పొట్ట కిందికి దుంగలు దూర్చి అటూ ఇటూ మనుషులు ఎత్తాలి. మామూలుగా అయితే కేక వేస్తే వాడంతా పరిగెత్తుకు వచ్చేది. ఆ రోజు కేక వేస్తే తాళాలు వేసిన తలుపులు ఉన్నాయి, మనుషులు లేరు. నాయిన, ఖాసిం కాక ఒక పక్క, అమ్మ, చిన్నమ్మ ఒక పక్క పట్టి ఎత్తారు. నిలబడింది. నిలబడి, గోడకు ఆనుకుని, వణికి, మళ్ళీ పడిపోయింది. అవ్వ దాని గంగడోలు కింద చెయ్యి పెట్టుకుని నేల మీద కూర్చుంది. రొట్టె నోటి దగ్గర పెట్టింది. అది తినలేదు. పొద్దెక్కేలోపే పోయింది. అంత ఏడ్చిన అవ్వను నేను అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. తాత పోయినప్పుడు కూడా ఆమె అంత ఏడవలేదని అమ్మ తర్వాత చెప్పింది.

చచ్చిన గొడ్డును ఎత్తుకుపోయేవాళ్ళు కూడా ఊళ్ళో మిగల్లేదు. నాయిన, కాక కలిసి చెలక గట్టున గొయ్యి తవ్వారు. నేల రాయిలా ఉంది. అమ్మ నీళ్ళ చెంబు తీసుకుని, చిన్నమ్మ తువ్వాలు తీసుకుని అక్కడే నిలబడ్డారు. నేను అవ్వ పక్కన కూర్చున్నాను. తవ్వి తవ్వి ఖాసిం కాక గడ్డపార ఆపాడు. నాయిన ముఖం చూడకుండా, గోతిలోకి చూస్తూ అన్నాడు, "దసరానాడే పోదామనుకున్న, నర్సన్నా. నువ్వు ఉంటనంటవని ఉన్న." నాయిన గడ్డపార కూడా ఆగింది. "నువ్వు ఉంటవని నేనున్న" అన్నాడు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్న ఆ చూపులో సిగ్గు తప్ప ఏమీ లేదు. అప్పుడు అవ్వ అంది, గొంతు పెంచకుండానే, "మీ ఇద్దరి మర్యాద నా ఎద్దును తిన్నది." అని లేచి ఇంటి దారి పట్టింది. అమ్మ, చిన్నమ్మ తలలు వంచుకుని ఉన్నారు. అది ఎద్దు కోసం దుఃఖమే అనుకున్నాను ఇన్నేళ్ళూ. తనకు ముందే తెలుసన్న మాట అమ్మ బతికి ఉన్నంతకాలం ఎవరికీ చెప్పలేదు, నాయినకు కూడా.

ఆ వారంలోనే రెండిళ్ళకూ తాళాలు వేసి తాండూరు పోయాం. మైలోడు ఒక్కటే మా వెంట నడిచింది. అవ్వ దాని పక్కన నడిచింది, దాపటి పక్క. గనుల దగ్గర పగిలిన బండలు నిలబెట్టి గోడలుగా, పైన బండలే పరిచి కప్పుగా చేసిన గదుల్లో ఉన్నాం. పగలు పెనంలా కాలేవి. రాతిపొడి తెల్లగా అన్నిటి మీదా పడేది. రొట్టె నమిలితే పళ్ళ కింద కరకరమనేది, ఉతికిన బట్టలు ఆరేలోపు మళ్ళీ తెల్లబడేవి. నాయిన గనిలో బండలు మోసే కూలిగా కుదిరాడు. జోడు ఉన్నవాడికి మంచి బతుకు అని విన్న మాట నిజమే, కానీ అది దసరానాడు జోడు ఉన్నప్పటి మాట. ఖాసిం కాక అదృష్టం కొద్దీ, దాపటి ఎద్దు ఒక్కటే ఉన్న మనిషి ఒకాయన దొరికాడు. మైలోడు ఆ కొత్త ఎద్దుతో కాడి కింద నడవడానికి చాలా రోజులు మొరాయించి, చివరకు నడిచింది. అవ్వ పొద్దున్నే మొదటి రొట్టె చేసి, బండలబండి పోయే దారిలో నిలబడేది. మైలోడు ఆగేది. పక్కన ఉన్న కొత్త ఎద్దుకు మాత్రం అవ్వ ఏనాడూ పెట్టలేదు.

మరుసటి ఏడు వానలు అంతంతమాత్రమే. మేం అక్కడే ఉన్నాం. ఉండగా ఉండగా ఖాసిం కాక తాండూరు మనిషి అయ్యాడు. ఆ బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ కలిపి మాట్లాడేవాళ్ళు, ఎవరూ ఎవరినీ ఏ ఊరు అని అడిగేవాళ్ళు కాదు. ఒకరి మాట మీద ఆగిన మనిషిగా కాకుండా, తన బండి తాను తోలుకునే మనిషిగా అక్కడ ఆయన నడక మారింది. పిల్లలు బడికి పోతున్నారు. నాయినకు మాత్రం ఆ రాతిపొడి గుండెలో పేరుకుంది, దగ్గుతో పాటు ఊరి ధ్యాస ఎక్కువైంది.

ఇప్పుడు నేనుండే వికారాబాదు కాలనీలో ప్రతి ఎండాకాలం నీళ్ళ ట్యాంకర్లు తిరుగుతాయి. బోరు ఎండిపోయిందంటే రెండో బోరు వేస్తారు, అదీ ఎండితే ఇల్లు అమ్మి పోతారు. మా ఎదురింటివాళ్ళు పోతున్నారన్న సంగతి, సామాన్ల లారీ వచ్చి ఆగినప్పుడు నాకు తెలిసింది. పదేళ్ళు ఎదురుబొదురుగా ఉన్నవాళ్ళం. తప్పు పట్టను. వాళ్ళు పోతే నా చెలక బీడు పడదు, నా పొయ్యి ఆరదు. ఎవరినీ అడగనక్కరలేకపోవడం ఎంత సుఖమో నాకు తెలుసు. అడగలేకపోవడం వల్ల ఒక ఎద్దు చావడం కళ్ళారా చూసినదాన్ని, మా పెద్దల మర్యాద గొప్పదని ఇప్పుడు పాట పాడలేను. అయినా లారీ వెళ్ళిపోయాక ఆ ఖాళీ గుమ్మం చూస్తూ కూర్చుంటే ఒక రకమైన అలసట వస్తుంది. మకాం మారుస్తానంటే నన్ను ఆపేవాళ్ళు గానీ, నేను పోతే ఆగిపోయేవాళ్ళు గానీ ఇప్పుడు ఎవరూ లేరు. దీనికి బాధపడాలో వద్దో కూడా తేల్చుకోలేని వయసుకు వచ్చాను.

మేం తాండూరులో ఉండగా ఆ తర్వాతి ఏడు మిరుగు నిజంగా పడింది. రాత్రంతా కురిసి, తెల్లారేసరికి గనుల్లో నీళ్ళు నిలిచాయి, పని ఆగిపోయింది. నాయిన గది బయట తడి నేల మీద కూర్చుని, ఏ దిక్కూ చూడకుండా, ఊరికే ఆ వాసన పీలుస్తూ ఉన్నాడు. తర్వాత లేచి ఖాసిం కాక గదికి పోయాడు. నన్ను తోడు రమ్మనలేదు, నేనే పోయాను. ఈసారి అరుగు లేదు, మబ్బుల మాట లేదు. లోపలికి పోగానే నాయిన నిలబడే అడిగాడు, "నేను ఊరికి పోత. నువ్వొస్తవా?" ఖాసిం కాక నాయిన ముఖంలోకి చూశాడు. "రాను, నర్సన్నా" అన్నాడు. నాయిన తల ఊపాడు. చిన్నమ్మ చాయ్ ఇచ్చింది. ఇద్దరూ తాగారు. అంత సూటిగా వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. వెలుపలికి వచ్చేటప్పుడు గుంజకు కట్టి ఉన్న మైలోడి వీపు మీద నాయిన ఒకసారి చెయ్యి వేసి, వచ్చేశాడు.

మా గదిలో అమ్మ అప్పటికే మూటలు కడుతోంది. నాయిన చెప్పింది విని, వేస్తున్న ముడి ఆపింది. దున్నడానికి మన దగ్గర ఒక్క ఎద్దు కూడా లేదు కదా అంది. ఆ ఊళ్ళో మనకు మళ్ళీ జోడు ఎవరు కడతారు అంది. నాయిన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. అవ్వ మూలన కూర్చుని వింటోంది. అమ్మ ఉండబట్టలేక మళ్ళీ అడిగింది.

"మైలోడినన్న అడుగకపోతివి?"

"అడిగితే ఇస్తడు" అన్నాడు నాయిన.